పారబోయు నీటిలో వెండి

తెలుగు పాఠములు చెప్పుకొను వానికి వెండి కరగించుటతో పనియేమని తోటి అధ్యాపకులు మమ్ము పరిహసించుచుందురు. వారి పరిహాసము నిర్హేతుకము కాదు. చిక్కడపల్లిలోని మా యింటి డాబా మీద ఒక మూల రెండు ప్లాస్టికు బకెట్లు, ఒక బొగ్గుల కుంపటి, నాలుగైదు మూసలు, డబ్బాలో కొంత వెలిగారము చాలకాలముగా ఉన్నవి. ఆదివారములందు మేము అక్కడ కూర్చుండి చేయు పనిని చూచి ఇరుగుపొరుగువారు మొదట మేము రసవాదులమేమోయని శంకించిరి. ఇత్తడిని బంగారముగా మార్చు విద్య మాకు రాదని, నీటిలో కలిసిపోయిన వెండిని మరల వెండిగా రాబట్టుటయే మా పనియని చెప్పిన పిమ్మట వారి ఆసక్తి సగము తగ్గెను. ఈ సంచికకు ఆ పనిని గూర్చియే వ్రాయుమని సంపాదకవర్గమువారు కోరిరి. ఇందలి రసాయనశాస్త్రము సైన్సు విద్యార్థులకు కొత్త కాకపోవచ్చును. అయితే ఆ పనిలో మేము చేసిన పెద్ద పొరపాటు ఒకటి కలదు. అది అందరికిని చెప్పదగినది.

నీటిలో వెండి ఎక్కడిదని కొందరు అడుగవచ్చును. చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ ప్రాంతములు ఒకప్పుడు బొమ్మలమీద బ్రతికిన ప్రాంతములు. ఆర్.టి.సి. క్రాస్‌రోడ్స్ వద్ద సినిమా హాళ్ళు వరుసగా ఉండుట అందరికి తెలిసినదే. వానితోపాటు సందు సందునకు ఒక ఫొటో స్టూడియో ఉండెడిది. నగర కేంద్ర గ్రంథాలయమున కూర్చుండి ఉద్యోగపరీక్షలకు చదువుకొను యువకులు, అశోక్‌నగర్ కోచింగు కేంద్రములకు జిల్లాలనుండి వచ్చువారు, ప్రతి దరఖాస్తుకు మూడేసి పాస్‌పోర్టు ఫొటోలు అంటించవలసిన వారే. ఆ ఫొటోలన్నియు చీకటి గదిలో కడుగబడినవి. కడిగిన నీరు మోరీలో పోయబడినది. హుసేన్‌సాగరు మిగులు నీటి నాలా అశోక్‌నగర్ ప్రక్కగానే ప్రవహించి గోల్నాక దిక్కుగా పోయి మూసీలో కలియును. ఒక్కొక్క ఫొటోకు లేశమాత్రమైనను, ఎన్ని దశాబ్దముల వెండి ఆ దారిని మూసీపాలైనదో ఊహించుకొనవచ్చును.

మాకు ఈ సంగతి తెలిపినవారు మా మేనమామగారు. ఆయన నారాయణగూడలోని ఒక స్టూడియోలో చీకటి గది పని చేసెడివారు. ఆయన చొక్కా ఎప్పుడును పుల్లని వాసన వేయుచుండెడిది. మేము డిగ్రీ చదువుచున్నప్పుడు ఒకనాడు ఆయన క్యాను నిండ మురికినీరు తెచ్చి మా ముందుంచి, "ఇవి పారబోసే నీళ్ళు కావు బేటా, చాందీ నీళ్ళు" అనిరి. మేము నమ్మలేదు. ఆ నీరు లేత పసుపు రంగున ఉన్నది. అందులో వెండి జాడ ఏమియు కంటికి కనబడలేదు.

ఆ నీటి సంగతి ఇది. ఫొటో ఫిల్ముపై జెలటిన్ పొర ఉండును. ఆ పొరలో వెండి, బ్రోమిన్ కలిసిన లవణపు సూక్ష్మకణములు చెదరియుండును. వెలుగు సోకిన కణములు డెవలపరు ద్రావణములో నల్లని లోహపు వెండిగా మారును. నెగటివులో మనము చూచు నలుపు అంతయు వెండియే. వెలుగు సోకని కణములు మాత్రము అట్లే మిగిలియుండును. వానిని తొలగింపనిచో ఫిల్మును బయటికి తీసిన వెంటనే అవియు క్రమముగా నల్లబడి బొమ్మ చెడిపోవును. అందుకొరకు ఫిల్మును హైపోలో, అనగా సోడియం థయోసల్ఫేటు ద్రావణములో ముంచుదురు. హైపో ఆ మిగిలిన వెండి లవణమును కరిగించి తనలో చేర్చుకొనును. వాడిన హైపోలో లీటరునకు కొన్ని గ్రాముల వెండి చేరుట సాధారణము. రంగుల ఫొటోలలో బొమ్మ రంగులతోనే నిలుచును. వెండికి అందులో చోటు లేదు. కావున అచ్చట ఫిల్ము మీది వెండి యావత్తును కడుగు ద్రావణములోనికే పోవును.

దానిని తిరిగి రాబట్టు మార్గములలో మిక్కిలి సులభమైనది ఇనుముచేత వెండిని వెడలగొట్టుట. ఇనుము వెండికంటె చురుకైన లోహము. హైపోలో ఇనుము వేసినచో ఇనుము కరగి ద్రావణములోనికి పోవును, దాని స్థానమున వెండి బయటపడును. లెక్క ప్రకారము 56 గ్రాముల ఇనుమునకు 216 గ్రాముల వెండి రావలెను. ఆచరణలో ఇనుము అంతకంటె చాల ఎక్కువ పట్టును. ఇంటిలో గిన్నెలు తోము స్టీలు పీచును మేము మొదట వాడితిమి. రెండు దినములు గడచినను బకెట్టులో ఏ మార్పును లేదు. మామయ్య వచ్చి చూచి నవ్విరి. తుప్పు పట్టనిది కరగదు, కరగనిది వెండి ఇయ్యదు అని చెప్పి, వడ్రంగులు కొయ్యను నునుపు చేయుటకు వాడు సన్నని ఇనుప పీచు తెమ్మనిరి. అది వేసిన మరునాటికే పీచు నల్లబడి బకెట్టు అడుగున బురద చేరసాగెను.

ఆ బురద చూచుటకు ఏమాత్రము అందముగా ఉండదు. నల్లగా, మసివలె ఉండును. దానిని పలుమార్లు నీటితో కడిగి, ఎండబెట్టి, వెలిగారము, చాకలి సోడా కలిపి మూసలో వేసి కరగించవలెను. ఉర్దూవారు సుహాగా అనునదే మన వెలిగారము. బురదలోని తుప్పును, మట్టిని అది తనలోనికి లాగుకొని గాజువలె పైకి తేలును, దీనినే చిట్టెమందురు. వెండి దాని క్రిందికి దిగును. వెండి కరగుటకు సుమారు 962 డిగ్రీల వేడి కావలెను. బొగ్గుల కుంపటికి గాలి బాగుగా కొట్టినచో ఈ వేడి సాధ్యమే. మాకు మొదటి మారు 15 లీటర్ల హైపోనుండి 26 గ్రాముల బిళ్ళ వచ్చెను. దానిని తీసికొనిపోయి ఒక కంసాలికి చూపగా ఆయన గీటురాయిపై గీచి చూచి, "వెండే" అని మాత్రము పలికెను. బొగ్గులకు, మూసకు అయిన ఖర్చు తీసివేసినచో మాకు మిగిలినదేమియు లేదు. ఆ ఒక్క మాట విన్న సంతోషము మాత్రము మిగిలినది.

ఇచ్చట ఒక హెచ్చరిక. కరగిన వెండి గాలిలోని ఆక్సిజనును తన ఘనపరిమాణమునకు ఇరువది రెట్ల వరకు పీల్చుకొనును. చల్లబడి గట్టిపడు క్షణమున దానిని ఒక్కసారిగా వదలును. అప్పుడు బిళ్ళ పైపొర చిట్లి, కరగిన వెండి చుక్కలు చుట్టు చిమ్మును. మా ముంజేతిపై ఉన్న చిన్న మచ్చ అట్టి చుక్క చేసినదే. కంటికి అద్దములు లేక కుంపటిపై వంగరాదు.

ఈ పని మేము కనిపెట్టినది కాదు. బంగారు వెండి పనివారి దుకాణములలో ఊడ్చిన చెత్తను కొని, కడిగి, అందలి లోహపు రజనును తీసి బ్రతుకువారు మన నగరమునందును, ఉత్తరాదినందును తరతరములుగా ఉన్నారు. ఉర్దూలో వారిని న్యారియా అందురు. న్యారా అనగా వేరు; న్యారియా అనగా వేరుచేయువాడు. అబుల్ ఫజల్ తన ఆయినె అక్బరీలో టంకశాల పనులను వర్ణించుచు, బూడిదనుండి వెండి తీయు పద్ధతిని, టంకశాల ధూళిని కడుగు పనివానిని గూర్చి ప్రత్యేకముగా వ్రాసెను. ధూళి కడుగువాడు నెలనెలా ప్రభుత్వమునకు కొంత సొమ్ము చెల్లించెడివాడట. ఊడ్చిన దుమ్ముపై సుంకము వసూలు చేసిన రాజ్యము ఎంత జాగ్రత్త గలదో చూడుడు! మన తెలుగులో ఈ పనికి గాలించుట అను చక్కని క్రియ కలదు. మన తల్లులు బియ్యము గాలించునప్పుడు బరువైన రాళ్ళు చేట అడుగునకో, గిన్నె అడుగునకో దిగును, తేలికైన బియ్యము నీటితో కదలును. ఇసుకకు నీటికంటె రెండున్నర రెట్లు బరువు. వెండికి పదిన్నర రెట్లు. బంగారమునకు పందొమ్మిది రెట్లకు పైగా. కంసాలి చెత్తలో బంగారము అడుగున నిలుచుట కూడ ఈ సూత్రముననే. ఒకరి కొరకు ఊరంతయు గాలించితిమని మనము అనునప్పుడు కూడ ఆ మాటలో ఆ గిన్నె, ఆ నీరు ఉన్నవి.

న్యారియాల పనిలో కీడు లేకపోలేదు. సన్నని రజనును పట్టుటకు వారిలో పలువురు పాదరసము వాడుదురు. పాదరసము బంగారమును తనలో కలుపుకొనును. తరువాత దానిని కాల్చి ఆవిరి చేసినచో బంగారము మిగులును. ఆ ఆవిరి పీల్చినవాని నరములను దెబ్బతీయును. పాదరసపు వాడుకను అరికట్టుటకై 2013లో మినమాత ఒడంబడిక ఏర్పడినది. మన దేశము 2018లో దానిని ఆమోదించినది.

ఈ మధ్య మా విద్యార్థులు కొందరు వీడియోలు చూచి, పాత ఫోన్లలో బంగారమున్నదట కదా, మనమును తీయుదమా అని అడుగుచున్నారు. ఉన్న మాట నిజమే. ఒక టన్ను మంచి ఖనిజములో దొరకు బంగారముకంటె ఒక టన్ను పాత ఫోన్లలో దొరకు బంగారము పలు రెట్లు ఎక్కువ. ఒకప్పుడు హైదరాబాదు సంస్థానములో భాగమైన రాయచూరు జిల్లా హట్టిలో నేటికిని భూమిని త్రవ్వి, రాయి పిండి చేసి బంగారము తీయుచున్నారు. ఆ పని యెంత కష్టమో చూచినవారికి ఫోను గని వంటిదని తోచుట సహజము. అయితే టోక్యో ఒలింపిక్సు పతకముల లెక్క చూడుడు. పాత వస్తువులనుండియే ఆ పతకములను చేయవలెనని జపాను ప్రజలు 2017నుండి 2019వరకు సుమారు 79,000 టన్నుల చిన్న యంత్రములను, 62 లక్షల ఫోన్లను ఇచ్చిరి. అందునుండి లభించిన బంగారము 32 కిలోలు, వెండి 3,500 కిలోలు. 62 లక్షల ఫోన్లు ఇతర వస్తువులతో కలిసి 32 కిలోలు ఇచ్చినచో, మీ గూటిలోని రెండు పాత ఫోన్లు ఇచ్చునదెంత?

ఆ మిల్లీగ్రాముల కొరకు ఇంటిలో తేజాబులో పలకలను ముంచినచో గోధుమరంగు పొగ లేచును. అది ఊపిరితిత్తులను కాల్చును. మొదట ఏమియు కాలేదనిపించి, కొన్ని గంటల పిమ్మట ఊపిరి ఆడకుండ చేయును. టంకములో సీసమున్నది. ప్లాస్టికును కాల్చినచో వచ్చు పొగ మరొక విషము. సీసము పిల్లల మెదడునకు చేయు హాని తిరిగి బాగుకాదు. పాత బ్యాటరీల సీసమును ఇంటి కుంపటిలో కరగించువానిని చూచినచో మాకు కోపమే వచ్చును, అతడు ఎంత పేదవాడైనను. ఈ పనికి తగిన సాధనములు కల చోట్లు వేరు. మన నగరములోనే చర్లపల్లి వద్ద సి-మెట్ అను కేంద్రప్రభుత్వ పరిశోధన సంస్థ సర్క్యూటు పలకలనుండి లోహములను రాబట్టు పద్ధతులపై పనిచేసినది. 2023 ఏప్రిల్ 1నుండి అమలులోనున్న ఇ-వ్యర్థముల నియమావళి ప్రకారము అట్టి చెత్త నమోదైన సంస్థలకే చేరవలెను. మా డాబా ఆ సంస్థలలో ఒకటి కాదు, మీ యిల్లును కాదు. హైపో వెండియైనను గాలి వెలుతురు గల చోటనే, ఆమ్లము చేరనీయకయే చేయవలెను. హైపోలో ఆమ్లము పడినచో గంధకపు ఘాటు పొగ వచ్చును. వెండి ద్రావణమును అమ్మోనియాతో కలిపి నిలువయుంచరాదు. దానినుండి ప్రేలుడు పదార్థము ఏర్పడును.

ఇక మా పొరపాటు. సుమారు పండ్రెండేండ్ల క్రిందట ఒక స్టూడియో మూతపడినది. చీకటి గదులన్నియు అప్పటికే మూతపడుచున్నవి; డిజిటల్ కెమెరాల ముందు నిలువజాలక యజమానులు సామానును తూకమునకు అమ్మివేయుచుండిరి. హైపో దొరకుట కష్టమైన కాలమది. ఒక పాత సామాను దుకాణములో రెండు గోనెసంచుల నిండ పెద్ద నెగటివులు కనబడగా మేము వానిని కొంటిమి. ఎక్స్‌రే ఫిల్మునుండి వెండి తీయు పద్ధతి మాకు తెలియును: వేడి కాస్టిక్ సోడా నీటిలో వేసినచో జెలటిన్ కరగి వెండి నల్లని మడ్డిగా అడుగునకు దిగును, ఫిల్ము గాజువలె తెల్లబడి చేతికి వచ్చును. అదే పద్ధతిని ఈ నెగటివులకును ప్రయోగించితిమి. రెండు ఆదివారములు పని సాగినది. తెల్లబడిన ఫిల్ములను తీగమీద ఆరవేసి, అవి ఎంత శుభ్రముగా ఉన్నవో అని సంతోషించితిమి కూడ.

మూడవ ఆదివారము మామయ్య వచ్చిరి. సంచిలోనుండి ఒక నెగటివును తీసి ఆకాశమునకెత్తి చూచిరి. చాలసేపు చూచిరి. అది ఒక పాఠశాల గ్రూపు ఫొటో. ముందు వరుసలోని బాలుని ఒడిలో పలకయున్నది, దానిపై 1974 అని సుద్దతో వ్రాసియున్నది. ఆయన వ్రేలితో ముఖములను ఒక్కొక్కటిగా లెక్కించి, "నలభై రెండు మంది" అనిరి. పిమ్మట మావైపు తిరిగి, "దీంట్లో వెండి ఎంతొస్తది?" అని అడిగిరి. గ్రాములో పదవ వంతు కూడ రాదని చెప్పితిమి. ఆయన మరేమియు అనలేదు. తీగమీద ఆరుచున్న తెల్లని ఫిల్ములవైపు చూచి క్రిందికి దిగిపోయిరి.

హైపోలో ఉన్నది బొమ్మకు అక్కరలేని వెండి. నెగటివులో ఉన్నది బొమ్మయే. ఈ భేదము మాకు పుస్తకముననుసరించి తెలియును, పైన మేమే వ్రాసితిమి కూడ. చేతికి మాత్రము అప్పటివరకు తెలియలేదు. రెండు వారములలో సుమారు మూడవ వంతు నెగటివులను చెరిపివేసితిమి. అందులో ఎవరి నిఖా ఉన్నదో, ఎవరి పెండ్లి ఉన్నదో, చనిపోయిన బిడ్డ యొక్క ఒకేయొక్క ఫొటో ఉన్నదో మాకు తెలియదు. మేము వానిని ఎత్తి చూడనైనను లేదు.

మావలెనే పెద్దవారును చేసిరి. మొదటి ప్రపంచయుద్ధ కాలమున, 1917లో, ఫ్రెంచి సైన్యము జార్జి మెలియే తీసిన చలనచిత్రముల ప్రతులను వందలకొలదిగా స్వాధీనము చేసికొని కరగించినది. వెండి ఒకవైపు, సైనికుల బూటు మడమలకు సెల్యులాయిడు మరొకవైపు. మన దేశపు మొదటి టాకీ ఆలం ఆరా 1931లో బొంబాయిలో ఆర్దేషిర్ ఇరానీ నిర్మించినది. మన ఉర్దూ సంభాషణలు తెరపై మొదట వినబడినది అందులోనే. 1964లో స్థాపితమైన జాతీయ ఫిల్ము భాండాగారమునకు ప్రాణము పోసిన పి.కె. నాయర్ ఆ చిత్రము కొరకు ఇరానీ కుటుంబమును అడుగగా, మిగిలిన రీళ్ళనుండి వెండి తీసి పారవేసితినని కుమారుడు చెప్పినట్లు నాయర్ వెల్లడించిరి. ఆ చిత్రపు ప్రతి నేడు ఎక్కడను లేదు. అదే ఇరానీ నిర్మాణమున, హెచ్.ఎం. రెడ్డి దర్శకత్వమున 1932లో వచ్చిన మొదటి తెలుగు టాకీ భక్త ప్రహ్లాద ప్రతి కూడ లభించుట లేదు. ఉర్దూ, తెలుగు రెండును బోధించు మన కళాశాలకు ఈ రెండు నష్టములును సొంతమే. దీనికి భిన్నముగా, ఆరవ నిజాము ఆస్థాన ఛాయాచిత్రకారుడైన రాజా దీనదయాళ్ గాజు నెగటివులు 2,857 ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రమున భద్రముగా ఉన్నవి. వానినెవ్వరును తూకమునకు అమ్మలేదు. అందుచేత ఆనాటి హైదరాబాదు ఎట్లుండెనో నేడు మనము చూడగలుగుచున్నాము.

ఆనాటినుండి మేము నెగటివు ముట్టలేదు. హైపో దొరకినప్పుడు మాత్రము, ఏడాదికొకమారో రెండుమారులో, కుంపటి వెలిగించుచున్నాము. మిగిలిన నెగటివులు 311. వానిని మెత్తని బ్రష్షుతో దుమ్ము దులిపి, ఒక్కొక్కదానిని విడివిడి కాగితపు కవరులో పెట్టి, ఇనుప పెట్టెలో దాచితిమి. తెల్లని వెలుగుపలకపై ఉంచి ఫోనుతో తీసి, నలుపు తెలుపులను తారుమారు చేసినచో బొమ్మ చక్కగా కనబడుచున్నది. ఇట్లు ఇప్పటికి 90 పూర్తియైనవి. నిరుడు బి.కాం. విద్యార్థిని ఒకతె అందులో తన నానీజాన్‌ను గుర్తించినది. ఇంటిలో ఆమె యౌవనపు ఫొటో ఒక్కటియు లేదట.

కళాశాల కమిటీవారికి మా మనవి యొకటి. మా యింటిలో వానకాలమున గోడలు చెమ్మగిల్లుచున్నవి. జెలటిన్‌కు చెమ్మ శత్రువు, బూజు పట్టినచో వెండి ఉండియు ముఖము పోవును. గ్రంథాలయములో పై అంతస్తున పొడిగానుండు ఒక బీరువా, ఏటేటా మార్చుటకు కొంత సిలికాజెల్, ఒక స్కానరు ఏర్పాటు చేసినచో ఈ 311ని కళాశాలకు అప్పగించుటకు మేము సిద్ధముగా ఉన్నాము. అంతవరకు శుక్రవారములందు చివరి పీరియడు తరువాత తెలుగు శాఖ గదిలో ఎవరైనను వచ్చి చూడవచ్చును. 1974 నాటి గ్రూపు ఫొటో ఏ పాఠశాలదో ఇంకను తేలలేదు. వెనుక ఒక వేపచెట్టు, కమాను గల ద్వారము ఉన్నవి. ఈ పేటలలో చదువుకొన్న పెద్దలు మీ యిండ్లలో ఉన్నచో వారిని వెంటబెట్టుకొని రండు.